చివరిదాకా మిగలడమే శిక్ష

(అగాథా క్రిస్టీ నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ మీద ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ సాయంత్రం నేను హంతకుడి పేరు బయటపెట్టబోతున్నాను. ఆ పేరు దాచి ఈ నవల గురించి మాట్లాడటం నావల్ల కాదు. చదవనివాళ్లు ఎవరైనా ఉంటే బయట టీ సిద్ధంగా ఉంది, తాగేసి ఓ గంటాగి రావచ్చు. (నవ్వులు) ఎవరూ లేవలేదు కాబట్టి మొదలుపెడతాను.

1939 నవంబర్‌లో లండన్‌లో కాలిన్స్ వాళ్లు ఈ పుస్తకం వేశారు. యుద్ధం మొదలై అప్పటికి రెండు నెలలు. అప్పట్లో దానికున్న పేరు నేనిక్కడ పలకను. నల్లజాతివాళ్లను కించపరిచే మాట అందులో ఉంది. 1940లో అమెరికాలో వేసినవాళ్లు ఆ పేరు పక్కనపెట్టి, కథలో వచ్చే పాట ఆఖరి మాటల్ని పేరుగా పెట్టారు. ఇంగ్లండ్‌లో పాత పేరు 1980ల దాకా అలాగే నడిచింది. ఇప్పుడు మనకు దొరికే ప్రతుల్లో దీవి పేరు సోల్జర్ ఐలండ్, పాటలో ఉన్నది పదిమంది సోల్జర్ పిల్లలు.

కథ మీకు తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. డెవన్ తీరానికి దగ్గర్లో ఒక దీవి. ఒకరికొకరు తెలియని ఎనిమిది మందిని అక్కడికి రకరకాల సాకులతో రప్పిస్తారు. ఇంట్లో పనివాళ్లు భార్యాభర్తలు ఇద్దరు. పిలిచిన ఓవెన్ దంపతులు మాత్రం కనిపించరు. మొదటి రాత్రి భోజనాలయ్యాక గ్రామఫోన్ రికార్డు ఒకటి మోగుతుంది. పదిమంది పేర్లూ చదివి, ఒక్కొక్కరు ఎవరి చావుకు కారకులో వరసపెట్టి చెబుతుంది. అక్కణ్ణించి నాలుగో రోజుకల్లా పదిమందీ పోతారు. గదుల్లో ఫ్రేము కట్టి వేలాడదీసిన పిల్లల పాటలో ఎలా ఉందో అలాగే పోతారు. డైనింగ్ టేబుల్ మధ్యలో ఉన్న పది పింగాణీ బొమ్మలు కూడా ఒక్కొక్కటే మాయమవుతూ ఉంటాయి.

ఇది రాయడం చాలా కష్టం కాబట్టే రాయాలనిపించిందని క్రిస్టీ తన ఆత్మకథలో చెప్పుకుంది. పదిమంది చావాలి, చదివేవాళ్లకు నవ్వు రాకూడదు, హంతకుడు ఇట్టే దొరికిపోకూడదు. ఆ కసరత్తు మీద ఎంతోమంది రాశారు, దాని జోలికి నేను పోను. నేను పట్టుకోదలచింది ఆఖర్లో వచ్చే ఉత్తరంలోని ఒక్క విషయం.

హంతకుడు జస్టిస్ వార్‌గ్రేవ్. రిటైరైన జడ్జి. అతను రాసిపెట్టిన ఒప్పుకోలు పత్రంలో ఈ చావుల వరస ఎలా వేసుకున్నాడో చెబుతాడు. నేరం తక్కువున్నవాళ్లు ముందు పోవాలట. మిగిలినవాళ్లు పడబోయే మానసిక యాతన వాళ్లకు అక్కర్లేదట. బరువైన నేరం ఉన్నవాళ్లు ఆగాలి, చూడాలి, లెక్కపెట్టుకోవాలి. అంటే ఈ జడ్జిగారి లెక్కలో మరణశిక్ష అందరికీ ఒకటే. తేడా అంతా దానికి ముందు గడిచే గంటల్లో ఉంది. మనం థ్రిల్లర్ చదువుతూ ‘అబ్బ, ఏం టెన్షన్!’ అని దేన్ని మెచ్చుకుంటామో, కథ లోపల ఉన్నవాళ్లకు అదే శిక్ష. క్రిస్టీ ఒకే పనిని రెండు రకాలుగా వాడుకుంది. ఇది దృష్టిలో పెట్టుకుంటే ఇందులోని ప్రతీకలన్నీ ఒక్కసారిగా అర్థమవుతాయి. పాట, బొమ్మలు, ఇల్లు, కొక్కెం అన్నీ శిక్ష అమలు చేసే సరంజామా.

గ్రామఫోన్ దృశ్యం చూడండి. ఆ రికార్డు మీద రాసి ఉన్న పేరు ‘స్వాన్ సాంగ్’, అంటే చావబోయే హంస పాడే చివరి పాట. అది ఆగగానే పనావిడ మిసెస్ రోజర్స్ స్పృహ తప్పి పడిపోతుంది. కాఫీ ట్రే రోజర్స్ చేతుల్లోంచి జారిపోతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే గొంతు సవరించుకుని సంజాయిషీ మొదలుపెడతారు. ఎవరూ అడగలేదు. పోలీసులు లేరు, కోర్టు లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఒకరి తర్వాత ఒకరు తడుముకుంటారు. డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పేషెంటు పేరే తనకు గుర్తులేదంటాడు. కానీ తాగి చేసిన ఆపరేషన్ అతనికి బాగానే గుర్తుంది. ఆ వాక్యాలు మనకు వినిపిస్తాయి, గదిలో మిగతావాళ్లకు వినిపించవు.

భుజం తడుముకోనివాడు ఒక్కడు ఉన్నాడు, ఆంథొనీ మార్‌స్టన్. కారు జోరుగా తోలి ఇద్దరు పిల్లల్ని చంపేశాడు. ఆ సంగతి గుర్తొచ్చి, లైసెన్సు ఏడాదిపాటు తీసేశారు, పెద్ద విసుగు అంటాడు. పిల్లల మాట కాదు, లైసెన్సు మాట! కాసేపటికి, ఇదంతా డిటెక్టివ్ కథలా భలే ఉంది, నేరానికి జై అని గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేసి అక్కడికక్కడే చచ్చిపోతాడు. సైనైడ్. ఇద్దరు పిల్లల్ని చంపినవాడు అందరికంటే తేలిగ్గా ఎందుకు పోయాడు? జడ్జిగారు రాసిన కారణం ఏమిటంటే, వీడికి పుట్టుకతోనే నైతిక బాధ్యత అన్నది లేదు. నాకు ఇందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. మార్‌స్టన్‌ని భయపెట్టడం కుదరదు. ఎవర్నైనా ఇలా వేధించాలంటే వాళ్ల లోపల ఎంతో కొంత అంతరాత్మ ఉండాలి. అది లేనివాడు వార్‌గ్రేవ్‌కీ పనికిరాడు, రచయిత్రికీ పనికిరాడు. అందుకే మొదటి రాత్రే పంపించేశారు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. పాత కోటలు, కిర్రుమనే తలుపులు, గోడల్లో రహస్య ద్వారాలు ఇలాంటివి హత్య కథలకు అలవాటు. క్రిస్టీ కావాలని తిరగేసింది. ఇది కొత్తగా కట్టిన ఆధునికమైన ఇల్లు. ఎక్కడా చీకటి మూలలు లేవు. గదుల నిండా కరెంటు దీపాలు, అన్నీ కొత్తవి, అన్నీ మెరుస్తున్నవి. ఆ ఇంట్లో దాచింది ఏమీ లేదు, అన్నిటికంటే భయపెట్టేది అదేనని ఆమే ఒకచోట రాస్తుంది. అతిథుల్లో లాంబర్డ్, బ్లోర్, ఆర్మ్‌స్ట్రాంగ్ ముగ్గురూ కలిసి దీవంతా గాలిస్తారు, ఇల్లంతా గాలిస్తారు. దాక్కోవడానికి చోటే లేదు. పాత కోట అయితే ఎక్కడో నక్కి ఉన్నాడులే అని కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ ఆ ఆశ కూడా తీసేశారు. ఎవరూ దాక్కోలేదు అంటే హంతకుడు మనతో కూర్చుని టిఫిన్ తింటున్నాడన్నమాట. రోజర్స్ చనిపోయాక జనరేటర్ నడిపేవాళ్లు ఉండరు, కరెంటు పోతుంది, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అప్పటికి చీకటి రావడం పెద్ద విషయం కూడా కాదు.

పాట సంగతి వేరు. సాధారణంగా డిటెక్టివ్ నవలలో పాఠకుడు డిటెక్టివ్ భుజం మీదుగా తొంగిచూస్తాడు. కొమ్మూరి సాంబశివరావు గారి పుస్తకాలు చదివి పెరిగినవాళ్లకు తెలుసు, ఎంత ఉత్కంఠగా ఉన్నా డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడులే అన్న ధైర్యం ఒకటి ఉంటుంది. ఈ దీవిలో ఆ ధైర్యం లేదు. పాట ముందే మన చేతిలో పెట్టారు కాబట్టి మనం పరిశోధించం, ఎదురుచూస్తాం. తర్వాతి పాదంలో తేనెటీగ ఉంది, ఎవరికి? ఆ తర్వాత జడ్జి కోర్టు ఉంది, ఎలా? నాకు మాత్రం ఇక్కడ కాస్త సిగ్గనిపిస్తుంది. ఎమిలీ బ్రెంట్ కూర్చున్న డైనింగ్ రూమ్‌లో కిటికీ అద్దం దగ్గర తేనెటీగ ఝుమ్మంటున్నప్పుడు ‘ఆహా, కుదిరింది’ అనుకుంటాం. సరిగ్గా వార్‌గ్రేవ్ కూడా అలాగే అనుకుని ఉంటాడు. సిరంజితో సైనైడ్ ఎక్కిస్తే చాలు, చావుకు తేనెటీగ అక్కర్లేదు. అది పాట కోసం తెచ్చి వదిలింది. అంటే మనకోసం.

ఎమిలీ బ్రెంట్‌ని తేలిగ్గా దాటిపోలేను. అరవై దాటిన మనిషి, నిటారుగా కూర్చుని ఊలు అల్లుకుంటూ బైబిల్ చదువుకునే రకం. తన ఇంట్లో పనిచేసే బియాట్రిస్ టేలర్ అనే అమ్మాయి గర్భవతి అని తెలిసి వెంటనే బయటికి గెంటేసింది. ఆ పిల్ల నీళ్లలో దూకి చచ్చిపోయింది. నా తప్పేం లేదు అని తోటి అతిథి వేరాతో చెప్పేటప్పుడు ఆమె గొంతు వణకదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని డైరీ రాసుకుంటూ కునుకు పట్టినట్టవుతుంది. పెన్సిల్ వంకరటింకరగా నడుస్తుంది. తెలివొచ్చి చూసుకుంటే పేజీ మీద ఒక వాక్యం ఉంటుంది: హంతకురాలి పేరు బియాట్రిస్ టేలర్. నేనే రాశానా ఇది, నాకు మతి పోతోందా అనుకుంటుంది. మొత్తం నవలలో నన్ను అన్నిటికంటే పట్టుకున్నది ఈ అరపేజీ. ఏ హంతకుడూ ఆ పెన్సిల్ ముట్టుకోలేదు. జడ్జిగారి పథకంలో అది లేనే లేదు. నోరు ఒప్పుకోనిదాన్ని చెయ్యి రాసేసింది. అయినా ఎంత వంకరగా రాసిందో చూడండి, చచ్చిపోయిన పిల్లనే హంతకురాలిని చేసింది!

దీనికి ఎదురుగా జనరల్ మెకార్థర్ ఉన్నాడు. భార్యతో సంబంధం ఉందని తెలిసి, తన కింద పనిచేసే కుర్ర ఆఫీసర్ని యుద్ధంలో తిరిగిరాని పని మీద పంపినవాడు. రెండో రోజే సముద్రం ఒడ్డున ఒంటరిగా కూర్చుని, ఇక్కణ్ణించి మనం ఎవరం వెళ్లం అంటాడు. ఆ మాటలో భయం లేదు, ఒక రకమైన నిశ్చింత ఉంది. ఏళ్ల తరబడి మోసింది దించుకున్నవాడి నిశ్చింత. అతన్ని కూడా తొందరగానే పంపేస్తారు. శిక్షకు లొంగిపోయినవాణ్ణి ఇంకా శిక్షించడంలో ఆ జడ్జికి రుచి ఉండదు మరి.

ఐదుగురు మిగిలాక క్రిస్టీ చేసిన ఒక పని గమనించండి. అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. ఒకసారికి ఒక్కరే బయటికి వెళ్లాలని నియమం. వంటగదిలో నిలబడి డబ్బాల్లోని మాంసం తింటారు. పైకి మాటలు అతి మర్యాదగా నడుస్తుంటాయి. అప్పుడు ఆ ఐదుగురి ఆలోచనలూ ఒకదాని వెంట ఒకటి రాస్తుంది, ఎవరివో మాత్రం చెప్పదు. వాటిలో హంతకుడి ఆలోచన కూడా ఉండి ఉండాలి కదా! చదువుతుంటే ఏ ముక్క ఎవరి తలలోదో తేలదు. భయం పట్టినవాడూ భయపెడుతున్నవాడూ ఒకేలా ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. అక్కడే మనుషుల్ని జంతువులతో పోలుస్తుంది కూడా. జడ్జి ముడుచుకున్న ముసలి తాబేలు. లాంబర్డ్ చెవులు రిక్కించిన వేటజంతువు. వేరా అద్దానికి గుద్దుకుని కింద పడితే ఎవరో చేతిలోకి తీసుకున్న పిట్ట, కదలకుండా ఉంటే బతుకుతాననుకునే పిట్ట. ఆ చెయ్యి ఎవరిదో అప్పటికి మనకు తెలియదు.

వేరా క్లేథార్న్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఆమె ఒక ఇంట్లో గవర్నెస్. సిరిల్ అనే పిల్లవాడు ఆమె సంరక్షణలో ఉండేవాడు. వాడు పోతే ఆస్తి వాడి బాబాయి, వేరా ప్రేమించిన హ్యూగోకి వస్తుంది, వస్తే హ్యూగో తనని పెళ్లి చేసుకోగలడు. సముద్రంలో ఉన్న ఓ బండ దాకా ఈదుతానని పిల్లవాడు రోజూ అడుగుతుండేవాడు. ఒకరోజు సరే అంది. తర్వాత తనూ వెనకే ఈదుకుంటూ వెళ్లింది, అందుకోలేనంత నెమ్మదిగా. విచారణలో ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. హ్యూగోకి మాత్రం తెలిసిపోయింది, వదిలేసి వెళ్లిపోయాడు.

ఇక దీవి మీద వేరాకిచ్చిన గది. పైకప్పుకి ఒక నల్లటి కొక్కెం ఉంటుంది. వేరా దాన్ని చూస్తుంది, ఎందుకుందో అనుకుంటుంది. ఒక సాయంత్రం తలనొప్పిగా ఉండి చన్నీళ్లతో తల తడుపుకుందామని కొవ్వొత్తి పట్టుకుని మేడ మీదికి వెళుతుంది. తలుపు తీయగానే సముద్రం వాసన. మామూలు సముద్రం కాదు, సిరిల్ మునిగిపోయిన ఊరి వాసన. గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంది. చీకట్లో చల్లగా, తడిగా ఏదో గొంతుకి తగులుతుంది. నీళ్లలో చచ్చినవాడి చెయ్యి! కేకలు పెడుతుంది. అందరూ పరిగెత్తుకొచ్చి వెలుతురులో చూస్తే కొక్కేనికి వేలాడదీసిన సముద్రపు నాచు. అంతే. నాచుని చెయ్యిగా మార్చింది ఆమె మనసు. హంతకుడు నాచు మాత్రమే తెచ్చాడు.

ఆ వెంటనే ఇంకో చిన్న ముక్క ఉంది. తేరుకోమని ఎవరో బ్రాందీ గ్లాసు నోటికి అందిస్తారు. సగం స్పృహలో ఉన్న మనిషి, గ్లాసు తోసేసి ‘ఇది ఎక్కణ్ణించి తెచ్చారు?’ అని అడుగుతుంది. మూత తీయని సీసా తెచ్చాకే తాగుతుంది. పాపభీతితో ఒళ్లు తెలియకుండా వణుకుతూ కూడా బతకాలన్న లెక్క తప్పలేదు. పాత్రచిత్రణ అంటే ఇది.

ఆ గొడవలో అందరూ పైన ఉండగా కింద జడ్జి ‘చనిపోతాడు’. ఎమిలీ బ్రెంట్ దగ్గర పోయిన బూడిదరంగు ఊలు అతని తలమీద విగ్గు అయింది. బాత్‌రూమ్‌లో మాయమైన ఎర్ర కర్టెన్ ఒంటిమీద జడ్జి గౌను అయింది. నుదుటి మీద ఎర్రటి గుండు దెబ్బ. ఇంట్లో దొరికిన సామాన్లతో కోర్టు కట్టేశాడు. చచ్చినట్టు నటించడానికి ఇంత వేషం అక్కర్లేదు. పాటలో కోర్టు మాట ఉంది కాబట్టి అని సర్దిచెప్పుకోవచ్చు. నాకైతే అతనికి ఆ గౌను మీద మోజు తీరలేదనిపిస్తుంది. చిన్నప్పట్నించీ ప్రాణం తీయడమంటే ఇష్టం, న్యాయం అన్నా అంతే ఇష్టం అని తనే రాసుకున్నాడు. ఆ రెండూ ఒక్క మనిషిలో సర్దుకోవాలంటే ఆ ఎర్ర గుడ్డ తప్పనిసరి.

ఇక్కడ నవలలో ఒక బలహీనత ఉంది, దాచను. ఈ నాటకం నడవాలంటే డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ సాయం కావాలి. నాడి చూసి ‘పోయాడు’ అని చెప్పాల్సింది అతనే. పక్కవాడు ఇచ్చిన మంచినీళ్లు కూడా ఎవరూ తాగని ఇంట్లో, అతను జడ్జిని ఎలా నమ్మాడు? ఇంత పేరున్న జడ్జి హంతకుడు కాలేడన్న నమ్మకమే కారణమని వార్‌గ్రేవ్ అంటాడు. హోదా చూసి నమ్మడం మనుషులు చేసే పనే, ఒప్పుకుంటాను. అయినా ఆ రాత్రి ఒంటరిగా కొండ అంచుకి రమ్మంటే వెళ్లాడు చూశారూ, అది మాత్రం రచయిత్రికి కావాలి కాబట్టి వెళ్లాడు. (నవ్వులు)

ఇంకో అభ్యంతరం, ఇది పెద్దది. నేరాల బరువు తూచి వరస వేశానన్నాడు కదా, లాంబర్డ్ సంగతేమిటి? తూర్పు ఆఫ్రికాలో తనతో ఉన్న ఇరవై ఒక్క మందిని ఆకలికి వదిలేసి, తిండి తీసుకుని వచ్చేశాడు. ఆ మాట అందరి ముందూ దాచకుండా చెబుతాడు. దాని గురించి వేరా, వాళ్లు నేటివ్స్ కదా అన్నట్టు మాట్లాడితే, నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా మన సోదరులే అని గద్దించేది ఎమిలీ బ్రెంట్, పనిపిల్లను వీధిలోకి తోసిన ఆ ఎమిలీ బ్రెంటే! ఇంత పదునైన మాట రాయగలిగిన రచయిత్రి తన పుస్తకానికి ఆ పేరెలా పెట్టింది అని ఎవరైనా అడగొచ్చు. రెండూ ఒకే కాలంలోంచి, ఒకే చేతిలోంచి వచ్చాయి. జడ్జి వరసలో మాత్రం ఇరవై ఒక్క మందిని చంపినవాడు తొమ్మిదోవాడు, ఒక తెల్లపిల్లవాణ్ణి చంపిన అమ్మాయి పదోది. ఆ త్రాసు ఎవరి చేతిలో ఉందో మర్చిపోకండి.

ఆఖరి ఘట్టం. లాంబర్డ్ జేబులోని రివాల్వర్ లాగేసుకుని వేరా అతన్ని కాల్చేస్తుంది. ఇక తనొక్కతే, అంటే గెలిచింది. ఇంట్లోకి వస్తే టేబుల్ మీద ఇంకా మూడు బొమ్మలుంటాయి. మీరు వెనకబడ్డారర్రా అని రెండిటిని కిటికీలోంచి విసిరేస్తుంది. మూడోదాన్ని చేతిలో పట్టుకుని, మనం గెలిచాం అంటూ మెట్లెక్కుతుంది. పాటలో చివరి పాదం ఏమిటబ్బా, పెళ్లి చేసుకున్నాడు అని కదా అనుకుంటుంది. పైన హ్యూగో ఉన్నాడనిపిస్తుంది. తలుపు తీస్తే కొక్కేనికి ఉరితాడు, కింద కుర్చీ. అప్పుడు చివరి పాదం సరిగ్గా గుర్తొస్తుంది. బొమ్మ చేతిలోంచి జారి పగులుతుంది. తాడు హంతకుడు కట్టాడు, కుర్చీ అతనే వేశాడు. ఎక్కింది మాత్రం ఆమె. వార్‌గ్రేవ్ బట్టల బీరువా నీడలో నిలబడి చూస్తూ ఉన్నాడని మనకు ఉత్తరంలో తెలుస్తుంది. ఇంకెవరి చెయ్యీ పడనక్కర్లేకుండా అమలైన శిక్ష అదొక్కటే.

ఆ తర్వాత స్కాట్లండ్ యార్డ్ వాళ్లు తల పట్టుకుంటారు. దీవి మీద పది శవాలు, చంపినవాడు లేడు. సముద్రంలో సీసాలో దొరికిన ఉత్తరం లేకపోతే కేసు తేలదు. ఆ ఉత్తరంలో తన నుదుటి మీది గుర్తుని కూడా ఒక ఆధారంగా చూపిస్తాడు వార్‌గ్రేవ్. బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను మీద దేవుడు పెట్టిన గుర్తు అది. ముందు ఎర్రమట్టితో నటించిన దెబ్బనే చివరికి నిజంగా తగిలించుకుంటాడు. తనకూ శిక్ష వేసుకున్నాడు కదా అని కొందరు జాలిపడతారు. నేను పడను. అతను ఒక్క క్షణం కూడా ఎదురుచూడలేదు. ఎప్పుడు, ఎలా అన్నది తనే పెట్టుకున్నాడు. మిగతావాళ్లకు వేసిన శిక్ష అతను రుచి చూడనే లేదు.

1943లో ఈ కథని క్రిస్టీయే నాటకంగా మార్చింది. స్టేజి మీద ఆఖరికి ఎవరూ మిగలకపోతే కథ చెప్పేదెవరు? అందుకని వేరాని, లాంబర్డ్‌ని నిర్దోషుల్ని చేసి బతికించింది. పాత పాటకు పెళ్లితో ముగిసే పాఠం నిజంగానే ఉంది, అది వాడుకుంది. 1945లో రెనే క్లెయిర్ తీసిన సినిమా కూడా ఆ దారే పట్టింది. మన దేశంలో 1965లో హిందీ ‘గుమ్‌నామ్’ వచ్చింది, మనుషుల్ని ఒకచోట ఇరికించి ఒక్కొక్కర్నీ చంపడం వరకు తీసుకుని, పాటలూ మెహమూద్ హాస్యమూ కలిపారు. వేరా నిర్దోషి అయితే నాచు వట్టి నాచు అయిపోతుంది, కొక్కెం వట్టి ఇనప ముక్క అయిపోతుంది. 2015లో బీబీసీ వాళ్లు తీసిన సీరియల్ పుస్తకంలోని ముగింపుకి వెళ్లింది. చూడనివాళ్లు చూడండి, కాకపోతే పుస్తకం తర్వాతే.

టైమ్ అయిపోయిందని అధ్యక్షులవారు వాచీ చూపిస్తున్నారు. డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద నేనన్న మాటకు వెనక వరసలో ఒకాయన అప్పట్నించీ తల అడ్డంగా ఊపుతున్నారు. మైకు ముందు ఆయనకే ఇవ్వండి.